గుండెలోని కరెంటు



పొద్దున్నే ఇంటి పని ముగించుకున్నారు. కొందరు కొండ దిగి నడిచి వచ్చారు. కొందరు ఆటోల్లో వచ్చారు. చంటిపిల్లల్ని కూడా తెచ్చారు. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, నాకేమీ ఇబ్బంది లేదు. నా మాట వినబడకపోతే చెయ్యెత్తండి. మళ్ళీ చెబుతాను.

నేను నర్సుని. చాలా ఏళ్ళుగా ఈసీజీ తీస్తున్నాను. గుండె ఎలా ఉందో చూడడానికి పడుకోబెట్టి, వైర్లు తగిలించి, గళ్ళ కాయితం మీద గీతలు తీస్తారు కదా, అదే ఈసీజీ. దాని గురించి చెప్పమని నన్ను పిలిచారు. ముందు ఒక సంగతి చెబుతాను. అది నా తప్పే.

చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పుడు నేను పని చేసే ఆసుపత్రికి ఒక పెద్దమ్మ వచ్చింది. యాభై అయిదేళ్ళు ఉంటాయి. పొలంలో కలుపు తీస్తూ ఉండగా ఒళ్ళంతా చెమట పట్టిందట. దవడ లాగిందట. వీపు పట్టేసిందట. కడుపులో తిప్పిందట. గేస్ అనుకుని సోడా తాగింది. తగ్గలేదు. ఆసుపత్రికి వచ్చింది. డాక్టరు గారు ఈసీజీ తియ్యమన్నారు.

పెద్దమ్మను బల్ల మీద పడుకోబెట్టాను. చేతులకీ కాళ్ళకీ తడి రాసి పట్టీలు తగిలించాను. పట్టీల నుంచి వైర్లు మెషినుకి వెళ్ళాయి. మెషిను నుంచి ఇంకో వైరు గోడకున్న ప్లగ్గులోకి వెళ్ళింది. పెద్దమ్మ అది చూసింది.

"ఏటి సిస్టరమ్మా, నాకు కరెంటెడతావేటి?" అంది.

బయట ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. నేను తొందరలో ఉన్నాను. "కదలకు. కదిలితే పాడైపోద్ది" అన్నాను. అంతే. ఆమె అడిగిందానికి జవాబు చెప్పలేదు. పాడైపోయేది కాయితం మీది గీత. ఆమె అనుకున్నది తన ఒళ్ళు. లేచి కూర్చుంది. "నానొల్లను" అంది. పట్టీలు పీకేసి, చీర సర్దుకుని వెళ్ళిపోయింది. నేను వెనకాల వెళ్ళలేదు.

నాలుగో రోజున ఆమెను డోలీ కట్టి కొండ దించారు. అక్కడి నుంచి ఆటోలో తెచ్చారు. బతికింది. కానీ గుండె కండరంలో కొంత భాగం అప్పటికే చచ్చిపోయింది. ఆ తరవాత ఆమె బిందెడు నీళ్ళు ఎత్తలేకపోయింది. పది అడుగులు వేస్తే ఆయాసం.

ఆ పెద్దమ్మకి చెప్పని జవాబు ఇవాళ మీకు చెబుతాను. కొంచెం పొడుగ్గా చెబుతాను. సగం చెబితే ఏమవుతుందో చూశాను కదా.

ఈసీజీ మెషిను మీకు కరెంటు పెట్టదు. మీ గుండెలో ఉన్న కరెంటును చూస్తుంది. అంతే.

"గుండెలో కరెంటేమిటి?" అని మీరు నవ్వుతున్నారు. నవ్వండి. నేను కూడా చదువుకునే రోజుల్లో నమ్మలేదు.

మీలో కోడిని కోసిన వాళ్ళు ఎంతమంది? దాదాపు అందరూ చేతులెత్తారు. కోడిని కోసి, పొట్ట విప్పి గుండెను బయటికి తీసినప్పుడు ఏం చూశారు? అవును. కాసేపు అది ఇంకా కొట్టుకుంటుంది. చేతిలో గింజంత గుండె. తల లేదు. ఒళ్ళు లేదు. ఎవరూ కొట్టుకోమని చెప్పడం లేదు. అయినా కొట్టుకుంటోంది. మరి దానికి ఎవరు చెబుతున్నారు? దానికదే చెప్పుకుంటోంది. చెయ్యి ఎత్తాలంటే తలలోని మెదడు చెప్పాలి. గుండె కొట్టుకోవడానికి మెదడు చెప్పక్కర్లేదు. తొందరగా కొట్టుకో, నెమ్మదిగా కొట్టుకో అని మెదడు చెప్పగలదు. భయం వేస్తే గుండె దడదడలాడేది అందుకే. కానీ దెబ్బ పుట్టేది గుండెలోనే.

ఇప్పుడు ఒక పని చేద్దాం. కుడిచేతి రెండు వేళ్ళు తీసుకోండి. ఎడమచేతి బొటనవేలి కింద, మణికట్టు మీద పెట్టండి. గట్టిగా నొక్కవద్దు. గాజులు అడ్డమైతే పైకి జరుపుకోండి. దొరికిందా? దొరకని వాళ్ళకి పక్కనున్న వదిన చూపించాలి. నేను గడియారం చూస్తాను. అర నిమిషం లెక్కపెట్టండి. మొదలు!

ఆపండి. ఎంత వచ్చింది? 36, 40, 34... దాన్ని రెండుతో గుణించండి. 72, 80, 68. ఊరికే కూర్చున్న పెద్దవాళ్ళకి నిమిషానికి 60 నుంచి 100 లోపు ఉండాలి. నిమిషానికి 72 చొప్పున రోజంతా లెక్క కడితే లక్షా 3 వేల పైన వస్తుంది. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోస్తుంది. మీరు నిద్రపోయినా అది నిద్రపోదు.

గుండెలో నాలుగు గదులు ఉంటాయి. పైన రెండు చిన్నవి, కింద రెండు పెద్దవి. మేక గుండెను నిలువునా కోసి చూస్తే మీకే కనిపిస్తాయి. కుడివైపు పై గదిలో, ఒంట్లోని చెడు రక్తం వచ్చి పడే చోట, ఒక చిన్న ముద్ద ఉంటుంది. కంటికి తెలీదు. కరెంటు పుట్టేది అక్కడే. 1907లో ఇంగ్లండులో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు దాన్ని కనిపెట్టారు.

మీరు థింసా ఆడతారు కదా. అరకు వైపు ఆడతారు, మన కొండల్లోనూ ఆడతారు. ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు వేసి పట్టుకుంటారు. తుడుము మోగుతుంది. మొదటామె అడుగు వేస్తుంది. ఆమె కదిలితే పక్కామె కదులుతుంది. వరస మొత్తం పాములా కదులుతుంది. గుండె కూడా అంతే. గుండె కండరం చిన్న చిన్న ముక్కలతో కట్టి ఉంటుంది, గోడ ఇటుకలతో కట్టినట్టు. ఆ ముక్కల్ని కణాలు అంటారు. కంటికి కనపడవు. కణానికీ కణానికీ మధ్య దారులు ఉన్నాయి, మీరు చేతులు పట్టుకున్నట్టు. పైన ఉన్న ఆ ముద్దే తుడుము. అది మోగితే పక్క కణానికి కరెంటు వెళుతుంది. ఆ కణం నుంచి దాని పక్క కణానికి. ముందు పై గదులు రెండూ ముడుచుకుంటాయి. రక్తం కింది గదుల్లోకి దిగుతుంది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. కరెంటు పై గదుల నుంచి కింది గదులకి ఒక్కసారే దూకదు. మధ్యలో ఒక గేటు లాంటి చోటు ఉంది. అక్కడ సెకనులో పదోవంతు ఆగుతుంది. ఎందుకాగాలి? కింది గదులు రక్తంతో నిండాలి కదా! బిందె నిండకుండా ఎత్తితే ఏం లాభం? నిండాక కరెంటు కిందికి దిగుతుంది. దిగడానికి వేగంగా నడిచే దారాలు ఉన్నాయి. ఆ దారాల వెంట రెండు కింది గదులకీ దాదాపు ఒకేసారి అందుతుంది. గుండె అడుగు నుంచి పైకి పిండుతుంది. రక్తం పైనున్న పెద్ద గొట్టాల్లోకి పోతుంది. అవి పైకే ఉన్నాయి మరి.

ఇదంతా ఒక్క దెబ్బలో జరుగుతుంది. సెకను కూడా పట్టదు.

సరే, కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది? గుండెలో తీగలు లేవు, మోటారు లేదు. ఉన్నది ఉప్పు నీళ్ళు. మన రక్తం ఉప్పగా ఉంటుంది. వేలు తెగినప్పుడు నోట్లో పెట్టుకుంటే తెలుస్తుంది. మనం కూరలో వేసే ఉప్పులో సోడియం అనే పదార్థం ఉంది. అలాంటిదే ఇంకొకటి ఉంది. దాని పేరు పొటాషియం. అది అరటిపండులో, కొబ్బరి నీళ్ళలో బాగా ఉంటుంది. గుండె కణం సోడియాన్ని బయట ఎక్కువ ఉంచుతుంది. పొటాషియాన్ని లోపల ఎక్కువ ఉంచుతుంది. కణం చుట్టూ పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలో సన్నటి తలుపులు ఉంటాయి. తలుపులు మూసి ఉన్నప్పుడు లోపలికీ బయటికీ తేడా నిలుస్తుంది. గట్టు కట్టిన చెరువులో నీళ్ళు నిలిచినట్టు.

తోటపల్లి దగ్గర నాగావళి మీది ఆనకట్ట చూశారు కదా. తలుపు ఎత్తితే నీరు ఎలా ఉరుకుతుంది? కణం తలుపు తెరిస్తే సోడియం అలా లోపలికి ఉరుకుతుంది. ఆ ఉరుకే కరెంటు. మళ్ళీ పొటాషియం బయటికి వెళుతుంది. కణం సర్దుకుంటుంది. తరవాత ఒక పంపు సోడియాన్ని బయటికి తోడి, పొటాషియాన్ని లోపలికి తెచ్చుకుంటుంది. పైన చెప్పిన ముద్దలోని కణాలకి ఒక ప్రత్యేకత ఉంది. వాటి తలుపులు సరిగ్గా మూసుకోవు. కొంచెం కొంచెం కారుతూనే ఉంటాయి. కారి కారి, ఒక హద్దు దాటగానే కరెంటు దానంతటదే పుడుతుంది. చూరు కింద చుక్క చుక్కగా నిండి, బొట్టున జారినట్టు. ఇంట్లో చూరు కారితే తిట్టుకుంటాం. గుండెలో ఈ కారడం వల్లే మనం బతికున్నాం.

ఈ కరెంటు ఎంతుంటుంది? టార్చిలైటులో వేసే ఒక బ్యాటరీ సెల్ తీసుకోండి. అందులో పదిహేనో వంతు కూడా ఉండదు. అది కణం పొర దగ్గర. ఒంటి మీద చర్మం దగ్గరికి వచ్చేసరికి ఇంకా తగ్గిపోతుంది. టార్చి సెల్‌లో వెయ్యి వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు. ఆ పెద్దమ్మ భయపడింది గోడలోని కరెంటుకి. నేను వినాలనుకున్నది ఇంత సన్నటి కరెంటు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. కరెంటు వచ్చింది, బాగానే ఉంది. కండరం ఎందుకు ముడుచుకోవాలి? కరెంటు వస్తే బల్బు వెలుగుతుంది గానీ బల్బు ముడుచుకోదు కదా.

దీనికి ఒక కథ ఉంది. లండన్‌లో సిడ్నీ రింగర్ అని ఒక డాక్టరు ఉండేవాడు. 1882 ప్రాంతంలో కప్ప గుండెల్ని ఉప్పు నీళ్ళలో పెట్టి చూసేవాడు. గుండె చక్కగా కొట్టుకునేది. ఉప్పు ఒక్కటి చాలు అనుకున్నాడు. తరవాత తెలిసింది, ఆ ఉప్పు నీళ్ళు కలిపింది శుద్ధమైన నీళ్ళతో కాదు, కుళాయి నీళ్ళతో అని. సరే, ఆవిరి పట్టి తీసిన శుద్ధ నీళ్ళతో కలిపించాడు. బ్యాటరీల్లో పోస్తారే, ఆ రకం నీళ్ళు. గుండె నీరసించి ఆగిపోయింది! మరి కుళాయి నీళ్ళలో ఏముంది? కాల్షియం ఉంది. సున్నంలో ఉండేది, మన ఎముకల్లో ఉండేది, చోళ్ళలో బాగా ఉండేది, అదే. దాన్ని ఇంత కలిపితే గుండె మళ్ళీ కొట్టుకుంది. నీళ్ళ మార్పిడితో పెద్ద సంగతి బయటపడింది. మీకు ఎప్పుడైనా సెలైన్ ఎక్కించారా? ఆర్.ఎల్. అనే సీసా ఉంటుంది. అందులో ఆర్ అంటే రింగరే. ఆయన పేరు ఇప్పటికీ ఆ సీసా మీద ఉంది.

కాల్షియం ఏం చేస్తుందో చూడండి. కరెంటు గుండె కణానికి రాగానే ఇంకో రకం తలుపులు తెరుచుకుంటాయి. బయటి నుంచి కొద్దిగా కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కొద్దిపాటిది కండరాన్ని ముడవడానికి చాలదు. కానీ కణం లోపల కాల్షియం దాచుకున్న గాదె ఒకటి ఉంది. వచ్చిన కాల్షియం ఆ గాదెకి తాళంచెవి. గాదె తెరుచుకుంటుంది. ఎక్కువ కాల్షియం బయటికి వస్తుంది. కణం లోపల రెండు రకాల సన్న పోగులు పక్కపక్కనే ఉంటాయి. కాల్షియం తగలగానే ఒక రకం పోగులు రెండో రకాన్ని పట్టుకుని లాగుతాయి. బావిలో చేద వేసి, చెయ్యి మార్చి చెయ్యి తాడు లాగుతారు చూడండి, సరిగ్గా అలాగే. పోగులు ఒకదానిలోకి ఒకటి జరుగుతాయి. కణం పొట్టిదవుతుంది. లక్షల లక్షల కణాలు ఒక్కసారి పొట్టివైతే గుండె పిండుతుంది.

తరవాత కాల్షియాన్ని మళ్ళీ గాదెలోకి ఎత్తి పొయ్యాలి. పొయ్యకపోతే గుండె ముడుచుకునే ఉంటుంది. విప్పుకోదు, రక్తం నిండదు. తాడు లాగడానికీ బలం కావాలి, గాదెలోకి ఎత్తడానికీ బలం కావాలి. ఆ బలం ఇచ్చే సరుకు పేరు ఏటీపీ. మనం తిన్న అన్నం, అంబలి చివరికి అయ్యేది అదే. కండరంలో ఆ ఏటీపీని కనిపెట్టిన వాళ్ళలో ఒకాయన మన తెలుగువాడే. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. పేద ఇల్లు. మెట్రిక్ పరీక్ష మూడోసారికి గానీ పాస్ కాలేదు. మద్రాసులో వైద్యం చదివాడు. అమెరికా వెళ్ళి హార్వర్డ్ అనే పెద్ద చదువుల చోట ఫిస్కే అనే ఆయనతో కలిసి పని చేశాడు. 1929లో ఏటీపీ సంగతి బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా కనిపెట్టాడు. సుబ్బారావు మళ్ళీ స్వదేశం రాలేదు. 1948లో అక్కడే పోయాడు. మన బడి పుస్తకాల్లో ఆయన గురించి ఇంకొంచెం రాస్తే బాగుణ్ణు.

ఒక అక్క చెయ్యెత్తింది. ఏమిటక్కా? "రాత్రిపూట కాలి పిక్క పట్టేసినట్టు గుండె పట్టేయదా?" మంచి ప్రశ్న. పట్టేయదు. కాలి కండరానికి వెంట వెంటనే కరెంటు వస్తే ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉండిపోతుంది. అదే పిక్క పట్టడం. గుండె కణానికి ఒకసారి కరెంటు వచ్చాక సెకనులో నాలుగోవంతు సేపు రెండో కరెంటును తీసుకోదు. తలుపు గడియ వేసుకుంటుంది. ఈలోపల కాల్షియం గాదెలోకి వెళ్ళిపోతుంది, కండరం విప్పుకుంటుంది. అందుకే ముడుచుకోవడం, విప్పుకోవడం, ముడుచుకోవడం, విప్పుకోవడం.

ఇక ఇది ఎక్కడ చెడుతుందో చెబుతాను. మనకి కావలసింది అదే.

వానాకాలం వస్తే మన ఊళ్ళలో వాంతులు, విరేచనాలు వస్తాయి. నీళ్ళతో పాటు ఒంట్లోని సోడియం పోతుంది, పొటాషియం కూడా పోతుంది. పొటాషియం బాగా తగ్గితే కాళ్ళు లాగేస్తాయి, ఒళ్ళు తేలిపోతుంది, గుండె దెబ్బ తప్పుతుంది. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. ఓఆర్ఎస్ పొట్లంలో ఒక్క ఉప్పూ చక్కెరా మాత్రమే లేవు. లీటరుకి గ్రామున్నర పొటాషియం ఉప్పు కూడా కలిపారు. పెద్ద పొట్లమైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో మొత్తం కలపాలి. సగం పొట్లం దాచుకోవద్దు. పొట్లం మీద ఎన్ని నీళ్ళో రాసి ఉంటుంది. ఇప్పుడు మీరే చదవగలరు. మొగుణ్ణి, కొడుకుని అడగక్కర్లేదు.

కిడ్నీలు చెడిన వాళ్ళకి ఇది తిరగబడుతుంది. వాళ్ళకి పొటాషియం బయటికి పోదు, ఒంట్లో పేరుకుంటుంది. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మీరు విన్నారు. అక్కడ అన్నీ కొబ్బరి తోటలే. ఆ జబ్బు ముదిరిన వాళ్ళకి మాత్రం కొబ్బరి నీళ్ళు తాగొద్దని చెబుతారు. చుట్టాలెవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే పళ్ళు, కొబ్బరి బోండాలు పట్టుకెళ్ళే ముందు డాక్టర్ని అడగండి.

పచ్చ గన్నేరు చెట్టు గుడి దగ్గర, పెరట్లో ఉంటుంది. పూలు అందంగా ఉంటాయి. దాని కాయలోని విషం కణంలోని ఆ పంపునే పట్టి ఆపేస్తుంది, సోడియాన్ని బయటికి తోడే పంపు. గుండె దెబ్బ మెల్లబడుతుంది, తప్పుతుంది. పిల్లలు ఆడుకుంటూ నోట్లో పెట్టుకుంటారు. అలా జరిగితే చింతపండు నీళ్ళు, పసరు అంటూ కూర్చోవద్దు. పిల్ల ఆడుకుంటున్నా సరే, వెంటనే ఆసుపత్రి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ చెట్టు ఉండకపోతే మంచిదని నా మాట.

కొందరికి వయసు వచ్చాక ఆ కరెంటు ముద్ద గానీ, మధ్య గేటు గానీ మొరాయిస్తుంది. నాడి నిమిషానికి 30, 40 అవుతుంది. కళ్ళు తిరిగి పడిపోతారు. దేవుడు పూనాడనీ, గాలి సోకిందనీ అంటారు. నాడి పట్టి లెక్కపెట్టండి. వాళ్ళకి చర్మం కింద చిన్న పెట్టె పెడతారు. అది దెబ్బ దెబ్బకీ సన్నటి కరెంటు ఇస్తుంది. పేస్‌మేకర్ అంటారు. 1958లో స్వీడన్ దేశంలో మొదటిసారి ఒక మనిషి ఒంట్లో పెట్టారు. ఆయన 2001 దాకా బతికాడు.

ఇక గుండెపోటు. గుండెకు కూడా రక్తం కావాలి. ఆ రక్తం తెచ్చే గొట్టంలో గడ్డ కట్టి అడ్డుపడితే కండరానికి గాలి అందదు. ఏటీపీ తగ్గుతుంది. పంపులు ఆగుతాయి. ఆ భాగంలో కరెంటు తీరు మారిపోతుంది. అది ఈసీజీ కాయితం మీద కనిపిస్తుంది. కొందరికి ఒక్కసారిగా వరస తెగిపోతుంది. థింసాలో అందరూ చేతులు వదిలేసి ఎవరి అడుగు వాళ్ళు వేస్తే ఏమవుతుంది? గుండె గిలగిలలాడుతుంది గానీ పిండదు. నాడి ఉండదు. మనిషి పడిపోతాడు. అప్పుడు రొమ్ము మధ్యన రెండు చేతులు పెట్టి గట్టిగా, నిమిషానికి 100కి తక్కువ కాకుండా నొక్కుతూ ఉండాలి. 108కి ఫోన్ చెయ్యాలి. బయటి నుంచి పెద్ద కరెంటు పెట్టేది అప్పుడే. ఒక్క దెబ్బతో అందర్నీ ఆపి, మళ్ళీ తుడుము వినేలా చెయ్యడానికి. దానికి వేరే మెషిను ఉంటుంది. సినిమాల్లో చూపించేది అదే. ఈసీజీకీ దానికీ సంబంధం లేదు.

ఆడవాళ్ళకి గుండెపోటు వస్తే రొమ్ములో నొప్పి ఉండొచ్చు. ఉండకపోవచ్చు కూడా. దవడ, వీపు, చెయ్యి లాగడం, చెమట, ఆయాసం, కడుపులో తిప్పడం, ఏదో అయిపోతున్నానన్న నీరసం. గేస్ అనుకుంటాం. వంట అయ్యాక వెళదాం అనుకుంటాం. గొట్టంలోని గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మొదటి గంటల్లో ఇస్తేనే బాగా పని చేస్తుంది. మన రాష్ట్రంలో 2023లో ఒక పథకం మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈసీజీ తీసి, ఆ కాయితాన్ని ఫోన్ ద్వారా పెద్దాసుపత్రి గుండె డాక్టర్లకు పంపిస్తారు. వాళ్ళు చూసి చెబితే ఖరీదైన ఆ ఇంజెక్షన్ ఉచితంగా చేస్తారు. విశాఖ దాకా వెళ్ళేలోపు కండరం చచ్చిపోకుండా ఇదొక దారి. కానీ ఈసీజీ తియ్యనిస్తేనే కదా ఇంజెక్షన్! ఇంకొక మాట. మొదటి కాయితం బాగుందన్నా నొప్పి తగ్గకపోతే మళ్ళీ తియ్యమని అడగండి. కొన్నిసార్లు మార్పు ఆలస్యంగా కనిపిస్తుంది.

ఈసీజీ అంటే కరెంటు పెట్టడమే అని భయపడింది మన పెద్దమ్మ ఒక్కతే కాదు. 1887లో లండన్‌లో వాలర్ అనే ఆయన మొదటిసారి మనిషి గుండె కరెంటును ఒంటి మీద నుంచి గీయించాడు. ఆయనకి జిమ్మీ అని ఒక బుల్‌డాగ్ కుక్క ఉండేది. దాని కాళ్ళు ఉప్పు నీళ్ళ పాత్రల్లో పెట్టించి, దాని గుండె కరెంటును నలుగురికీ చూపించేవాడు. 1909లో అది చూసి ఒకాయన, కుక్కని హింస పెడుతున్నారని ఇంగ్లండు పార్లమెంటులో అడిగాడు. అది ఉప్పు కలిపిన నీళ్ళలో నిలబడింది, అంతకు మించి ఏమీ లేదని మంత్రి జవాబు చెప్పవలసి వచ్చింది. కుక్కకి జవాబు చెప్పడానికి మంత్రి ఉన్నాడు. మన పెద్దమ్మకి జవాబు చెప్పడానికి నాకు తీరిక లేకపోయింది.

ఆ తరవాత హాలెండులో ఐంతోవెన్ అనే ఆయన మంచి మెషిను చేశాడు. దాన్ని నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పు నీళ్ళ బకెట్లలో పెట్టుకుని కూర్చునేవాడు. 1924లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇప్పుడు బకెట్లు లేవు. తడి పట్టీలు ఉన్నాయి. ఆ తడి ఉప్పు నీళ్ళ పనే చేస్తుంది, ఒంటి కరెంటు బయటికి తెలియడానికి. ప్లగ్గు కరెంటు కాయితం తిప్పడానికి, గీత గియ్యడానికి. బ్యాటరీతో నడిచే మెషిన్లు కూడా ఉన్నాయి. మరి కదలొద్దని ఎందుకంటాం? చేతి కండరంలోనూ కరెంటు ఉంటుంది. చెయ్యి కదిపితే, చలికి వణికితే ఆ గీతలు గుండె గీతలో కలిసిపోతాయి. అంతే. మీకేమీ కాదు.

ఇంకొక భయం ఉంది, అది నోటితో చెప్పరు. రొమ్ము మీద ఆరు పట్టీలు పెట్టాలి. జాకెట్టు హుక్కులు విప్పాలి. సిగ్గు ఉంటుంది. తెర వెయ్యమని అడగండి. పైన గుడ్డ కప్పమనండి. ఆడమనిషే తియ్యాలని అడగండి. అడగడం తప్పు కాదు. పుస్తెలు తియ్యక్కర్లేదు, పక్కకి జరిపితే చాలు. ఐదు నిమిషాల పని.

ఇదిగో, ఒక ఈసీజీ కాయితం తెచ్చాను. పేరు చింపేశాను. ఇటు నుంచి అటు అందించుకోండి. నోటుపుస్తకంలా గళ్ళు ఉన్నాయి. గీత మన కొండల వరసలా ఉంది. ముందు ఒక చిన్న గుట్ట. అది పై గదుల కరెంటు. తరవాత కాస్త చదును నేల. అది గేటు దగ్గర ఆగడం. తరవాత నిటారుగా కొండ కొన. అది కింది గదుల కరెంటు. దాని వెనక గుండ్రటి గుట్ట. కండరం సర్దుకుంటోంది అన్నమాట. మళ్ళీ చిన్న గుట్ట.

లెక్క కూడా కట్టొచ్చు. ఐదు చిన్న గళ్ళు కలిస్తే ఒక పెద్ద గడి. ఒక కొండ కొన నుంచి తరవాతి కొన దాకా ఎన్ని పెద్ద గళ్ళు ఉన్నాయో చూడండి. నాలుగా? 300ని నాలుగుతో భాగించండి. పలక తీసుకోండి, తొందరేమీ లేదు. ఎంత? 75. ఈ మనిషి గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకుంది. మూడు గళ్ళయితే 100. ఐదయితే 60. డాక్టరు చూసేవి ఇంకా చాలా ఉన్నాయి, అవి నాకూ కొన్ని తెలీవు. కానీ ఈ లెక్క మీది.

అదిగో, ఆ మూల తెర కట్టించాను. బల్ల ఉంది, మెషిను ఉంది, తడి గుడ్డ ఉంది. ముందు నేను పడుకుంటాను. ఇద్దరు రండి. ఒకరు పట్టీలు తగిలించండి, ఎక్కడ పెట్టాలో నేను చెబుతాను. ఇంకొకరు మీట నొక్కి, వచ్చిన కాయితం చూసి నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో అందరికీ వినపడేలా చదవండి. తరవాత ఎవరు పడుకుంటారో మీరే తేల్చుకోండి. రా పిన్నీ, నువ్వు రా.